నడిచే యంత్రంలో కార్డు మార్పిడి

పరుగెత్తే బండికి చక్రం మార్చగలరా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాం. కాని కంప్యూటర్ల లోకంలో అటువంటి పని పాతికేళ్ళకు పైగా జరుగుతూనే వున్నది. యంత్రాన్ని ఆపకుండా, అందులో నడుస్తున్న పనికి భంగం రానీయకుండా, ఒక కార్డును ఊడబెరికి దాని స్థానంలో మరొక కార్డును దోపడం! దీనిని 'హాట్ స్వాప్' అంటారు. బ్యాంకులలోనూ, టెలిఫోను ఎక్స్ఛేంజిలలోనూ ఇది నిత్యకృత్యం. నేను చెప్పబోయేది మాత్రం బ్యాంకు సంగతి కాదు. నెల్లూరు జిల్లా సముద్రపుటొడ్డున, అల్లూరు దాటి ఇసకపల్లి వైపు పోయే దారిలో, రొయ్యల గుంట గట్టుమీద రేకుల షెడ్డులో కాపురముంటున్న ఒక పాత ల్యాప్‌టాప్ సంగతి.

ఆ గుంటలు మా పెద్దక్కా వాళ్ళవి. ఒకప్పుడు ఆ చాయల మొలగొలుకులు పండిన నేల ఎంతో వుండేది. 1990 తరువాత టైగరు రొయ్య వచ్చింది. పొలాలు గుంటలయినాయి. చేతినిండా డబ్బు చూసినవాళ్ళు చూస్తుండగానే 1994–95లో తెల్లమచ్చ వైరసు వచ్చి ఊళ్ళకు ఊళ్ళను కుదేలు చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంత జలచరాల పెంపకానికి ఒక అథారిటీని ఏర్పరచింది. 2009లో పసిఫిక్ తీరపు వనామి రొయ్యకు అనుమతి లభించాక గుంటలకు మళ్ళీ జీవం వచ్చింది. ఈ చరిత్ర అంతా మా బావ నోటి లెక్కగా చెబుతాడు. ఏ ఏట ఎంత పోయిందో, ఏ ఏట ఎంత వచ్చిందో సహా.

వనామి పంట సుమారు మూడున్నర నెలలు. ఆ మూడున్నర నెలలూ మేతకు అప్పు, కరెంటుకు అప్పు. డబ్బంతా నీళ్ళలో వుంటుంది. అది నిజంగా నీళ్ళలో కలిసిపోవడానికి ఒక్క రాత్రి చాలు. కారణం ఆక్సిజన్.

పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు గుంట నీటిలో అది పుష్కలంగా వుంటుంది. పొద్దుగూకిన తరువాత నాచు కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాటిన దగ్గరనుంచీ తరుగుతూ తరుగుతూ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు వుంటే రైతు నిద్రపోవచ్చు. 3కు దిగితే లేచి కూర్చోవాలి. ఇంకా దిగితే రొయ్యలు పైకి తేలి తల ఎత్తుతాయి. ఆ దృశ్యం ఒకసారి చూసిన రైతు మళ్ళీ చూడకూడదని దేవుడికి మొక్కుకుంటాడు. అందుకే గుంటల్లో ఏరియేటర్లు పెడతారు. తెడ్ల చక్రాలు నీటిని గిర్రున చిమ్మి గాలి కలుపుతాయి. కరెంటు బిల్లులో సింహభాగం వాటిదే కనుక అవసరమున్నంత సేపే తిప్పాలి.

బావ మూడేళ్ళ క్రిందట ఒకాయన చేత ఒక ఏర్పాటు చేయించాడు. గుంటలో ఆక్సిజన్ కొలిచే ప్రోబులు. వాటి నుంచి షెడ్డుకు తీగలు. షెడ్డులో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. దాని పక్కన ఉండే గూటిలో రెండు సీరియల్ పోర్టుల కార్డు. ఒక పోర్టు ప్రోబుల మాట వింటుంది. రెండవ పోర్టు రిలే పెట్టెకు ఆజ్ఞలిస్తుంది. ఆ పెట్టె ఎనిమిది ఏరియేటర్లను ఒకదాని తరువాత ఒకటిగా నడిపిస్తుంది. ఒకటొకటిగానే ఎందుకంటే, మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఎనిమిదీ కలిసి లేస్తే ఫ్యూజు నిలవదు. ల్యాప్‌టాప్‌నే ఎందుకు పెట్టారంటే దానికి సొంత బ్యాటరీ వున్నది, కరెంటు పోయినా మూర్ఛపోదు. ఊరూరా దొరికే యు.ఎస్.బి. తీగలు పెట్టి చూశారట గాని, మోటార్లు లేచినప్పుడల్లా ఆ కనెక్షన్ జారిపోయేదట.

ఏర్పాటు బాగానే వున్నది గాని సముద్రం వూరుకుంటుందా? ఉప్పుగాలికి ఇనుప తలుపులే పొరలు పొరలుగా రాలిపోయే చోట, కార్డు అంచున వున్న సన్నని రేకులు ఎంత? నాలుగు నెలలకు ఆకుపచ్చని చిలుము పట్టింది. ఒక రాత్రి రెండు గంటలకు ప్రోబుల పోర్టు మూగపోయింది. బావ దగ్గర కొత్త కార్డు సిద్ధంగానే వున్నది. పాతది తీసి కొత్తది పెట్టాడు. యంత్రం దానిని గుర్తించనే లేదు. ఇక మిగిలిన ఉపాయం ఒకటే: ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. అది లేచి, ప్రోగ్రాము లేచి, ప్రోబులు పలికేసరికి మూడు నిమిషాలు. కాని రిలే పెట్టెకు ఓపిక ఒకటిన్నర నిమిషమే. అంతసేపు ల్యాప్‌టాప్ నుంచి మాట వినపడకపోతే అది ఏరియేటర్లన్నీ ఆపేస్తుంది. ఆపేసింది. బావ కంగారుపడి గోడమీది చేతి స్విచ్చి వేశాడు. ఆ స్విచ్చి ఎనిమిదింటికీ కలిపి ఒక్కటే! ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయింది. లైన్‌మన్ వచ్చేసరికి తెల్లవారింది. గుంటలో మూడవ వంతు పోయింది.

"కార్డు ఉండాది, పెట్టే చోటు ఉండాది, చేతులు ఉండాయి. అయినా ఎందుకు పలకలేదో అది చెప్పు బామ్మర్దీ!" అన్నాడు బావ నేను వెళ్ళినప్పుడు. అక్క ఏమీ అనలేదు. మేత కొట్టువాడి లెక్క పుస్తకం నా ముందు పెట్టి కాఫీ తేవడానికి లోపలికి పోయింది.

బావ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కు పోవాలి.

పూర్వం కంప్యూటరుకు కొత్త కార్డు పెట్టాలంటే అదొక శస్త్రచికిత్స. యంత్రం ఆపి, గోడనుంచి తీగ పీకి, మరలు విప్పి, కార్డు దిగ్గొట్టి, మళ్ళీ మూత బిగించాలి. 1990లో చేతిలో పట్టే చీటీపేకంత కార్డుకు ఒక ప్రమాణం వచ్చింది. పి.సి.ఎం.సి.ఐ.ఏ. అని దానికి పలకలేని పేరు. దాని సాకెట్టులో 68 సూదులు. ఆ సూదులన్నీ ఒకే పొడుగు కావు. చమత్కారమంతా అక్కడే వున్నది. కరెంటూ భూమీ ఇచ్చే సూదులు అన్నిటికంటె పొడుగు. సమాచారం మోసేవి వాటికంటె కురచ. 'కార్డు వచ్చింది' అని చెప్పే సూదులు రెండు, అవి అన్నిటికంటె కురచ. కార్డు దోపినప్పుడు ముందు కరెంటు తగులుతుంది, తరువాత సమాచారపు దారి కలుస్తుంది, అంతా సరిగా కూర్చున్నాకనే 'వచ్చింది' అనే కబురు పోతుంది. తీసేటప్పుడు సరిగ్గా తారుమారు. అన్నిటికంటె ముందు 'పోతున్నది' అనే కబురే తెగుతుంది. ఎవరో ఇంజనీరు మనిషి చేతి తొందరనూ, వంకరనూ బాగా ఎరిగినవాడై వుండాలి.

1997లో పెద్ద కంప్యూటర్లలోని పి.సి.ఐ. కార్డులకు కూడా ఇటువంటి సౌకర్యం ప్రమాణంగా రూపొందింది. 2003లో బావ ల్యాప్‌టాప్‌లో వున్న 'ఎక్స్‌ప్రెస్‌కార్డు' వచ్చింది. ఇందులో 26 స్పర్శలే. కార్డు లేనప్పుడు ఆ గూటిలో కరెంటే వుండదు. కార్డు వచ్చి తన ఉనికి తెలిపే తీగను కిందికి లాగితే తప్ప చిన్న స్విచ్చి తెరుచుకోదు. కనుక గూట్లో వేలు పెట్టినా ప్రమాదం లేదు. పిల్లలున్న ఇళ్ళవారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మన టెలిఫోను ఎక్స్ఛేంజిలవారు ఇదే సమస్యను మరో దారిన పరిష్కరించుకున్నారు. 1984లో స్థాపించిన సి-డాట్ సంస్థ పల్లెటూళ్ళ కోసం 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. ఎయిర్ కండిషను అక్కరలేకుండా మన ఎండలకు తట్టుకున్న యంత్రమది. అందులో ముఖ్యమైన కార్డులు జంటలుగా వుంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండవది పక్కన సిద్ధంగా కాచుకుని వుంటుంది. బావ లాంటి రైతుకు అన్నీ రెండేసి పెట్టే స్తోమతు ఎక్కడిది? వున్న ఒక్కదానినే ఆపకుండా మార్చుకోవాలి.

సరే, సూదుల పని సూదులు చేసినాయి. కార్డు వచ్చిందన్న కబురూ అందింది. అయినా యంత్రం ఎందుకు పలకలేదు? వినేవాడు లోపల లేడు గనక.

లోపల వినవలసినవాడి పేరు కెర్నెలు. కెర్నెలు అంటే గింజ. ఆపరేటింగు సిస్టమ్ అనే కాయలో నడిమి గింజ అన్నమాట. ఏ ప్రోగ్రాముకు ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వాలి, ఏ కార్డుతో ఎవరు మాట్లాడాలి అన్నీ అదే నిర్ణయిస్తుంది. బావ ల్యాప్‌టాప్‌లో వున్నది లినక్సు. 1991లో ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రవాడు హెల్సింకిలో చదువుకుంటూ మొదలుపెట్టిన పని అది. ఇవాళ ప్రపంచమంతటి ఇంజనీర్లూ కలిసి దానిని పెంచుతున్నారు. కాణీ ఇవ్వనక్కరలేదు. అంతకంటె గొప్ప సంగతి, గింజను మనకు కావలసినట్టు మనమే తయారు చేసుకోవచ్చు.

ఎట్లాగంటే, తయారీకి ముందు అది మనలను ప్రశ్నలడుగుతుంది. 'మేక్ మెనూకాన్ఫిగ్' అని ఆజ్ఞ ఇస్తే నీలం తెర మీద పట్టిక తెరుచుకుంటుంది. ఫలానా పరికరానికి మద్దతు కావాలా? ఫలానా సౌకర్యం వుంచమంటారా? ఇటువంటివి వేల ప్రశ్నలు. పెళ్ళి సామాను పట్టీ దీని ముందు దిగదుడుపే. ప్రతిదానికీ 'అవును' అనవచ్చు, 'కాదు' అనవచ్చు, కొన్నిటికి 'అవసరమైనప్పుడు పిలుస్తాను, పక్కన వుండు' అనవచ్చు. మామూలుగా పంచిపెట్టే లినక్సులలో ముఖ్యమైనవన్నీ పెద్దలు ముందే 'అవును' అని పెట్టివుంచుతారు. బావకు ఏర్పాటు చేసిపెట్టిన ఆయన మాత్రం యంత్రం తేలికగా, త్వరగా లేవాలని గింజను బాగా చెక్కివేశాడు. చెక్కడంలో 'పి.సి.ఐ. హాట్‌ప్లగ్' అనే కొమ్మ కూడా తెగిపోయింది. యంత్రం లేచేటప్పటికి గూట్లో కార్డు వుంటే సరే. లేచాక వచ్చిన కార్డు, దాని దృష్టిలో, రానట్టే.

ఈ సౌకర్యాన్ని లినక్సులోకి తెచ్చినవారిలో గ్రెగ్ క్రోహార్ట్‌మన్ ముఖ్యుడు. పి.సి.ఐ. హాట్‌ప్లగ్ 2001లో ప్రధాన కెర్నెలులో చేరింది. అంతకు ముందునుంచీ పి.సి.ఎం.సి.ఐ.ఏ. కార్డుల పని డేవిడ్ హైండ్స్ అనే ఆయన చూశాడు. ఆ రోజుల్లో 'అసలు హాట్‌ప్లగ్ కావాలా?' అని ఒక మూల ప్రశ్న వుండేది. అది లేని యంత్రమంటూ లేకుండా పోయేసరికి 2012–13 ప్రాంతంలో ఆ ప్రశ్ననే ఎత్తివేశారు. అయితే ఏ రకం గూటికి ఏ రకం కావలి అన్న ప్రశ్నలు మాత్రం అట్లాగే వున్నాయి. వాటికి జవాబు తప్పితే యంత్రం చెవిటిదవుతుంది.

నా కంప్యూటరు మీద పట్టిక తెరిచి, పరికరాల అధ్యాయంలో పి.సి.ఐ. ప్రకరణంలోకి పోయి, 'పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పోర్టు' అన్న చోట అవును, 'పి.సి.ఐ. హాట్‌ప్లగ్' అన్న చోట అవును, 'పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ హాట్‌ప్లగ్' అన్న చోట అవును అని పెట్టాను. ఈ చివరిదానికి 'పక్కన వుండు' అనే వీలు లేదు, గింజలోనే కలిసివుండాలి. కెర్నెలు తయారు కావడానికి ముప్పావుగంట పట్టింది. దానిని పెన్‌డ్రైవులో వేసుకుని మర్నాడు మధ్యాహ్నం గుంట దగ్గరకు పోయాను. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండ కాస్తుంది, ఏరియేటర్లు ఆగి వుంటాయి. యంత్రాన్ని ఎన్నిసార్లు ఆపినా రొయ్యకు తెలియదు.

కొత్త కెర్నెలుతో ల్యాప్‌టాప్ లేచింది. కార్డు దోపాను. నిశ్శబ్దం!

యంత్రం తన దినచర్య రాసుకునే పుస్తకం చూస్తే సంగతి తెలిసింది. గూటి తాళపుచెవి కెర్నెలు చేతికి రాలేదు.

గృహిణులకు ఇది ఒక్క మాటలో బోధపడుతుంది. కెర్నెలు కోడలు. దానికంటె ముందునుంచీ ఆ ఇంట్లో వున్న అత్తగారు బయాస్. అది తయారీదారు బోర్డు మీదనే రాసిపెట్టిన మూలప్రోగ్రాము. యంత్రం లేచేటప్పుడు మొదట మేలుకొనేది అత్తగారే. కార్డులన్నిటినీ పలకరించి, ఎవరికి ఏ గది అన్నది నిర్ణయించి, తరువాత ఇల్లు కోడలికి అప్పగిస్తుంది. 1996లో కంపెనీలు కూడి 'ఏ.సి.పి.ఐ.' అనే ఒడంబడిక ఒకటి రాసుకున్నాయి. అత్తాకోడళ్ళ మధ్య వ్యవహారమంతా దాని ప్రకారమే. హాట్‌ప్లగ్ తాళం నాకివ్వండి అని కోడలు అర్జీ పెట్టుకోవాలి. అత్తగారు సరేనంటే ఇకనుంచి కార్డు రాకపోకలు కోడలు చూసుకుంటుంది. లేదంటే అత్తగారే చూసుకుని కబురు చెబుతుంది. ఏ ఏర్పాటయినా ఇల్లు గడుస్తుంది. బావ ల్యాప్‌టాప్‌లో ముచ్చట ఏమిటంటే, అత్తగారు తాళం ఇవ్వదు, తానూ కబురు చెప్పదు!

అత్తగారి ద్వారా నడిచే కావలిని కూడా చేర్చి చూశాను. ఫలితం లేదు. ఇక మిగిలింది, తాళం తీసుకోవడమే. యంత్రం లేచేటప్పుడు కెర్నెలుకు చెప్పే మాటలలో 'పి.సి.ఐ.ఇ. పోర్ట్స్ — నేటివ్' అని ఒకటి వున్నది. అత్తగారు ఇచ్చినా ఇవ్వకపోయినా తాళం నీదే అని దాని భావం. ఇది అన్ని ఇళ్ళలోనూ చెయ్యవలసిన పని కాదు. ఇద్దరూ ఒకే తలుపును చెరొకవైపునుంచి లాగితే యంత్రం బిగుసుకుపోవచ్చు. కనుక ఆ మాట చేర్చి, రెండు మధ్యాహ్నాలు కనిపెట్టుకుని కూర్చున్నాను. గొడవ రాలేదు. కార్డు దోపగానే పుస్తకంలో రెండు వాక్యాలు పడ్డాయి: గూటిలో కార్డు వున్నది, దారి లేచింది.

ఇంకొక సంగతి ఆలస్యంగా వచ్చే చుట్టానికి సంబంధించింది. పంక్తిలో విస్తళ్ళు వేసేటప్పుడే రాబోయేవారికి చోటు వదలకపోతే, వడ్డన మొదలయ్యాక అందరినీ లేపి జరపడం కుదరదు. యంత్రం లేవగానే ప్రతి కార్డుకూ చిరునామాల విస్తీర్ణం పంచిపెడతారు. ఖాళీ గూటికి ఏమీ వదలకపోతే తరువాత వచ్చిన కార్డు నిలుచునే వుండాలి. ఇందుకని లినక్సు హాట్‌ప్లగ్ గూళ్ళకు 2 మెగాబైట్ల చోటు ముందే వదిలిపెడుతుంది. సీరియల్ కార్డుకు అది కావలసినంతకంటె ఎక్కువే. పెద్ద బొమ్మల కార్డులు పెట్టేవారు మాత్రం ఆ అంకెను పెంచుకోవాలి.

ఇక కార్డు తియ్యడం. పెట్టడంకంటె తియ్యడమే కష్టం! మనలో ఇంటినుంచి బయలుదేరేవారు 'పోతాను' అనరు, 'వెళ్ళొస్తాను' అని చెప్పి వెళతారు. కార్డు కూడా చెప్పే వెళ్ళాలి. చెప్పకుండా పీకితే ఏమవుతుందో కావాలని చేసి చూశాను. లేని కార్డును ప్రశ్నిస్తే జవాబు రాదని మీరనుకోవచ్చు. వస్తుంది! ఎవరూ పలకని చోట యంత్రం దానంతటదే అన్నీ ఒకట్లు రాసుకుంటుంది. ఎనిమిది ఒకట్లు కలిస్తే కంప్యూటరు లెక్కలో 255. గుంటలో ఆక్సిజన్ 255 వున్నదని ఏ అజాగ్రత్త ప్రోగ్రామో నమ్మిందనుకోండి, ఇక ఏరియేటర్లెందుకని అన్నీ ఆపేస్తుంది. రొయ్యలకు ఊపిరాడనప్పుడే గాలికి కొదవ లేదని ప్రకటిస్తుంది. కనుక 20 దాటిన అంకెను దేనినీ నమ్మవద్దని ప్రోగ్రాములో ఒక షరతు పెట్టాను. నీటిలో అంత ఆక్సిజన్ మా గుంటలో ఏ ఎండలోనూ చూడలేదు.

పెద్ద యంత్రాలలో ఈ 'వెళ్ళొస్తాను'కు ఒక బొత్తాం, ఒక చిన్న దీపం వుంటాయి. బొత్తాం నొక్కితే దీపం మిణుకుతుంది. ఐదు సెకండ్లలో మనసు మార్చుకుని మళ్ళీ నొక్కితే పని రద్దు. లేకపోతే కెర్నెలు కార్డుకు సంబంధించిన పనులు సర్దుబాటు చేసి, కరెంటు కట్టి, దీపం ఆర్పుతుంది. దీపం వెలుగుతుంటే ముట్టుకోవద్దు, మిణుకుతుంటే ఆగు, ఆరితే తీసుకో. ఎంత తేట అయిన భాష! బావ ల్యాప్‌టాప్‌కు బొత్తామూ లేదు, దీపమూ లేదు. అందుకని ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఒక మీటకు తగిలించాను. మీట నొక్కితే ముందు పోర్టులు మూస్తుంది. తరువాత కార్డును లెక్కలోంచి తీసివెయ్యమని కెర్నెలుకు చెబుతుంది. అప్పుడు తెరమీద ఇంత పెద్ద అక్షరాలతో 'కార్డు తీయవచ్చు' అని పడుతుంది. కొత్తది పెట్టగానే 'కార్డు వచ్చింది' అని, ప్రోబు పలికాక 'గుంట పలుకుతోంది' అని పడుతుంది. కొత్త కార్డు ఏ పేరుతో లేచినా ప్రోగ్రాముకు పాతపేరుతోనే కనపడేటట్టు ఇంకొక నియమం రాశాను. ఊరు మారినా ఇంటిపేరు మారదు కదా.

మీట నొక్కిన దగ్గరనుంచి గుంట పలికే దాకా మొదటిసారి 50 సెకండ్లు పట్టింది. ఇరవైసార్లు మార్చి చూసేటప్పటికి 30కి వచ్చింది. రిలే పెట్టె ఓపిక 90 సెకండ్లని ముందే చెప్పాను. గోడమీది చేతి స్విచ్చిని కూడా రెండుగా విడదీయమని పట్టుబట్టాను. కరెంటు పనివాడు మర్నాడే వచ్చి ఆ పని చేసిపెట్టాడు. నన్నడిగితే ఆ రోజు జరిగిన పనులలో అన్నిటికంటె చవకైనదీ, అన్నిటికంటె అవసరమైనదీ అదే.

"ఇదంతా నాకెందుకురా, మీ బావకు నేర్పు" అన్నది అక్క. "రాత్రిళ్ళు షెడ్డులో లెక్క రాసేది నువ్వే గదక్కా" అన్నాను. ఆ మాట నిజమే. బావకు నడుము నొప్పి. రెండింటి కాపలా అక్కది. నాలుగుసార్లు మీట నొక్కించి చేయించాను. నాలుగోసారి నా వైపు చూడకుండానే మార్చేసింది.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ మొహం కనపడలేదు. ఎండ లేకపోతే నాచు పగలు సంపాదించే ఆక్సిజనే తక్కువ. రాత్రి ఖర్చు మాత్రం మామూలే. బావ గూడూరులో పెళ్ళికి పోయి వానకు అక్కడే చిక్కుకున్నాడు. రాత్రి రెండుంబావుకు నా ఫోను మోగింది. వెనుక రేకుల మీద వాన చప్పుడు.

"ఒరే, గుంట పలకడం లేదు. కడపటి అంకె 3.4. కార్డు మారుస్తుండా, నువ్వు ఊరికే లైనులో ఉండు. మాట్టాడబాక."

మాట్లాడలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను. స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. మారుకార్డును చెమ్మ తగలకుండా వేయించిన బియ్యం మధ్య గుడ్డలో చుట్టి పెట్టమన్నది అక్క ఆలోచనే. తరువాత ఏమీ వినపడలేదు. తరువాత, "వచ్చింది" అన్నది. ఇంకా తరువాత, "పలికింది. 3.1."

ఏరియేటర్లు అప్పటికి నాలుగు తిరుగుతున్నాయి. అంకె చూసి ప్రోగ్రాము ఐదవదానిని లేపింది. పదిహేను సెకండ్లకు ఆరవది, ఆ తరువాత మిగతా రెండూ. ఫోనులో ఒక్కొక్క మోటారూ గొంతు కలపడం నాకు తెలుస్తూనే వున్నది. నాలుగున్నరకు 4.2 అని మళ్ళీ ఫోను చేసి చెప్పింది. మేత కొట్టువాడు మాట వరసకు అప్పు పెంచుతానన్నాడనీ, తాను వద్దన్నాననీ కూడా అప్పుడే చెప్పింది.

మధ్యాహ్నం బావ గూడూరునుంచి వచ్చేసరికి పాత కార్డు అంచును రబ్బరుతో రుద్ది, స్పిరిటు దూదితో తుడిచి, బియ్యం డబ్బాలో పెట్టివున్నదట. మేత పుస్తకంలో ఆ తేదీ కింద ఒక్క పంక్తి: 'రాత్రి కార్డు మార్చాను. పొద్దుటి మేత సగమే వేశాను, ముసురు.'

ఆ పంట మంచి కౌంటుకే పట్టుబడి అయింది. పోయిన పంట అప్పు ఇంకా కొంత మిగిలే వున్నది. ల్యాప్‌టాపులలో ఎక్స్‌ప్రెస్‌కార్డు గూళ్ళు పెట్టడం కంపెనీలు మానివేసి చాలా ఏళ్ళయింది కాబట్టి, దొరికినప్పుడే రెండు మారుకార్డులు కొని పెట్టమని బావకు చెప్పాను. ఒకటే కొన్నాడు.